రెండో గిన్నె

తెల్లారుజామున నాలుగూ యాభైకి నా బండి.
ఖాకీ కోటు తొడుక్కునేలోపే
గోలీకి తెలిసిపోతుంది.
మూడు నెలల పిల్ల, చింతగింజంత ముక్కు.
తలుపు కింది సందులో ఆ ముక్కు పెట్టి
వీధి మలుపుదాకా నా చెప్పుల్ని
ఏడుస్తా సాగనంపుతుంది.

పూతలపట్టు దాటినా ఆ ఏడుపు చెవిలోనే.
"పాకాల కాడ దిగల్ల" అన్నవాడికి
చంద్రగిరి టిక్కెట్టు కొట్టినాను ఒకసారి.

పక్కింటి వళ్ళియమ్మ ఓర్చుకుంది, ఓర్చుకుంది,
ఆఖరికి గోడమీద మోచేతులానించి చెప్పింది:
"కండక్టరమ్మా, అది ఆకలేడుపు కాదే.
ఒక్కటే ఉండాది కదా. జత తెచ్చిపెట్టు."
జత అంటా నావైపు చూసిన చూపు వేరే కత.
దాన్ని టిక్కెట్టు లేని ప్రయాణికుడి మాదిరి
చూసీ చూడనట్టు వదిలేసినాను.

మురకంబట్టు అవతల, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనక
రేకుల షెడ్డు. చెంగల్రాయుడని ఒకాయన
దెబ్బలు తిన్న కుక్కల్ని పెట్టుకోనుండాడు.
లోపలికి పోతానే ముప్పై గొంతులు మీద పడినాయి.
ఆటలాడే కుక్క కోసం నేను వెతుకుతా ఉంటే
ఆయన మూలకి చెయ్యి చూపించినాడు.
మొరగనిది అదొక్కటే.
తోతాపురి లారీ కింద వెనక కాలు పోయిందంట.
ఎడమ చెవి కొసన ఆపరేషను గుర్తుకి కోసిన కోత.
వయసెంత అంటే,
"పండ్లు చూస్తే ఆరేడు. కండ్లు చూస్తే చెప్పలేనమ్మా."
కాయితం మీద సంతకం పెట్టించుకున్నాడు.
"పదైదు దినాలు చూడు. కుదరకపోతే తిరిగి తెచ్చెయ్,
నేనేమీ అనుకోను."
అనుకుంటాడని గొంతులోనే తెలిసింది.

పేరు పెట్టలేదు.
పదైదు దినాలకి పేరెందుకని.

మంచం కిందికి పోయిందే పోవడం,
పదకొండు దినాలు.
గోలీ దాని తోక కొరికింది. చెవి కొరికింది.
కాలు ఉండాల్సిన చోట మూతి పెట్టి
ఎందుకు లేదని వాసన చూసింది.
ముసలిది కండ్లు మూసుకుంది, అంతే.
రెండు గిన్నెల్లో సంగటి పెడితే
రెండూ గోలీనే నాకేసేది,
నేను పడుకున్నాక గిన్నె అంచులు తడుముకునే చప్పుడు
మంచం కింద.
తెల్లారితే ఏడుపు మామూలే.
జత కాదు, ఒంటరి పక్కన
ఇంకో ఒంటరిని తెచ్చి పడేసినా అనుకున్నా.
పన్నెండో దినం చెంగల్రాయుడి కాయితం, గొలుసు
తీసి బియ్యం డబ్బా మీద పెట్టుకున్నా.

ఆ రాత్రి సంగటి మీద రవ్వంత చియ్యల పులుసు పోసినాను.
సాగనంపే ముందు ఎవరికైనా పెట్టేదే కదా.
గోలీ తనది ముగించి
రెండో గిన్నెలో మూతి పెట్టబోయింది.
అప్పుడొచ్చింది
మంచం కిందినుంచి
రోలు కదిలినట్టు ఒక గుర్రు.

గోలీ అట్లే నిలబడిపోయింది.
పుట్టి మూడు నెలలకి మొదటిసారి
దాన్నెవరో వద్దన్నారు.
నేనెప్పుడూ అనలేదు.
పొద్దంతా వదిలేసి పోయేదాన్ని,
వచ్చి ఏ మొగం పెట్టుకొని వద్దనేది?
గోలీ వెల్లకిలా పడి పొట్ట చూపించింది.
ముసలిది మూడు కాళ్ళ మీద బయటికొచ్చి
తన కూడు తాను తినింది, తొందర లేకుండా.
అడుగున ఒక ముద్ద ఉండగానే పక్కకి జరిగింది.
మిగిల్చిందో, కడుపు నిండిందో,
నేను అడగలేదు.

కాయితం ఇంకా బియ్యం డబ్బా మీదే ఉండాది,
మీద ఉప్పు ప్యాకెట్టు.
ఆ గుర్రుని బట్టి రోలమ్మా అని పిలుస్తాండా.
వళ్ళియమ్మకి ఇప్పుడు వేరే ఫిర్యాదు:
పాలబ్బాయి వస్తే రెండూ ఒకే నోరంట.

ఈ పొద్దు కూడా నాలుగూ యాభై బండికి లేచినాను.
కోటు గుండీలు కావాలనే నిదానంగా పెట్టుకున్నా.
రోలమ్మ పొట్టకీ గోడకీ నడుమ నుంచి
గోలీ ఒక కన్ను తెరిచి చూసి
మళ్ళీ మూసుకుంది.
తలుపు తీసి, కాసేపు నిలబడి,
చెప్పులు కొంచెం గట్టిగానే చప్పుడు చేసినాను.

ఎవరూ రాలేదు.